సిరామిక్ అంటే ఏది? పలకరాయి నుంచి అణు ఇంధనం దాకా ఒక సమీక్ష

ఏ పదార్థాన్ని సిరామిక్ అనాలి, దేనిని అనకూడదు అన్న ప్రశ్నకు కుమ్మరి వృత్తి, పదార్థశాస్త్రం, సుంకాల చట్టం మూడు వేర్వేరు సమాధానాలు ఇస్తాయి. వాటిలో ఏ ఒక్కటీ తప్పు కాకపోయినా, ఏ ఒక్కటీ మిగిలిన రెండింటి పని చేయలేదు. ఈ తేడాలను పరిశీలించడానికి పశ్చిమ ప్రకాశం చాలా అనువైన ప్రాంతం. అక్కడి ముండ్లమూరు అనే ఊరికి దక్షిణాన చీమకుర్తి నల్లరాయి క్వారీలు, పడమర మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు పలకరాయి గనులు, ఉత్తరాన పల్నాడు సున్నపురాయి, దానిపై ఆధారపడిన సున్నపు బట్టీలు, సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. ఇవాళ అక్కడ కట్టే ఒక సాధారణమైన ఇంట్లో కాల్చిన ఎర్ర ఇటుక, కాల్చని బూడిద ఇటుక, విట్రిఫైడ్ టైలు, గ్రానైటు గడప, సిమెంటు పూత అన్నీ కలిసి కనిపిస్తాయి. ఇవన్నీ లోహం కానివే, ఇవన్నీ గట్టివే, చాలావరకు ఒకే మూలకాలతో ఏర్పడినవే. అయినా వీటిలో కొన్నిటినే సిరామిక్ అంటారు.

అన్నిటికంటె పాత సమాధానం కుమ్మరిది: మట్టిని తడిపి, రూపమిచ్చి, ఆరబెట్టి, కాల్చినదే సిరామిక్. ఈ పనిని మానవుడు వ్యవసాయం కంటె చాలా ముందే నేర్చుకున్నాడు. చెక్ దేశంలోని దోల్ని వెస్తొనీత్సెలో దొరికిన కాల్చిన మట్టి బొమ్మలు 25,000 ఏళ్లకు పైబడినవి. చైనాలోని షియన్‌రెన్‌దోంగ్ గుహలో బయటపడిన కుండపెంకులు సుమారు 20,000 ఏళ్ల నాటివి. తెలుగు నేల మీద కర్నూలు ప్రాంతపు పాతపాడు చిత్రిత పాత్రలు, ఆ తరువాతి కాలపు రాక్షసగుళ్లలో, అంటే బృహత్ శిలాసమాధుల్లో, దొరికే నలుపు ఎరుపు పాత్రలు నిప్పు మీద ఆనాటివారికి ఉన్న పట్టును చూపుతాయి. ఒకే పాత్ర లోపలా అంచునా నల్లగా, బయట ఎర్రగా ఉండటానికి కారణం దానిని బోర్లించి కాల్చడమేనని చాలామంది పరిశోధకులు భావిస్తారు; గాలి అందని లోపలి వైపు మట్టిలోని ఇనుము ఎర్రటి ఆక్సైడుగా మారలేదు, పైగా పొగలోని కర్బనం అక్కడ చేరింది, గాలి తగిలిన బయటి వైపు ఎర్రబడింది. రంగు పూయకుండా, కేవలం గాలిని నియంత్రించి రంగు తెప్పించిన ఈ పద్ధతి నేటి బట్టీల్లో వాయువులను నియంత్రించే విద్యకు నిజమైన పూర్వరూపం.

మంట మట్టిలో తెచ్చే మార్పు ఎండ తెచ్చే మార్పు వంటిది కాదు. ఎండలో ఆరిన పచ్చి కుండలో రేణువుల మధ్యనున్న నీరు మాత్రమే పోతుంది గనుక, దానిని మళ్లీ నీటిలో వేస్తే కరిగి బురదవుతుంది. బంకమట్టిలోని ముఖ్యమైన ఖనిజాల్లో ఒకటైన కేయోలినైట్‌ను ఉదాహరణగా తీసుకుంటే, అది అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ పొరలతో ఏర్పడి, ఆ పొరల నిర్మాణంలోనే హైడ్రాక్సిల్ రూపంలో నీటిని బంధించుకొని ఉంటుంది. సుమారు 450 నుంచి 600 డిగ్రీల మధ్య ఆ బంధిత నీరు విడిపోయి పొరల అమరిక చెదిరిపోతుంది. మామూలుగా నీటిలో నానబెట్టినంత మాత్రాన ఆ పదార్థం ఇక మట్టిగా మారదు. 573 డిగ్రీల వద్ద మట్టిలోని ఇసుక రేణువులు, అంటే క్వార్ట్జ్ స్ఫటికాలు, హఠాత్తుగా కొద్దిగా ఉబ్బుతాయి; ఆ దశలో తొందరపడితే కుండ పగులుతుంది. 1,000 డిగ్రీలు దాటిన తరువాత ముల్లైట్ అనే కొత్త స్ఫటికాలు సూదుల్లా పెరగడం మొదలవుతుంది, మట్టిలోని క్షారాలు కొంత భాగాన్ని గాజులా కరిగించి రంధ్రాలను పూడుస్తాయి.

ఊరి కుమ్మరి ఆవంలో వేడి సాధారణంగా 600 నుంచి 900 డిగ్రీల మధ్యే ఉంటుంది కాబట్టి, కుండ గట్టిపడుతుంది గాని రంధ్రాలు పూర్తిగా పూడవు; ఆ రంధ్రాల గుండా నీరు చెమ్మగిల్లి ఆవిరి కావడం వల్లనే కుండలో నీరు చల్లబడుతుంది. ఆవకాయ జాడీ 1,200 డిగ్రీలకు అటూ ఇటూ కాలి, పైన గాజుపూత పొంది ఉంటుంది కాబట్టి ఉప్పును, పులుపును, నూనెను పీల్చుకోదు. ఇంకా స్వచ్ఛమైన తెల్లమట్టిని ఇంకా ఎక్కువ వేడిలో కాల్చితే వెలుతురు చొరబడే పింగాణీ వస్తుంది. కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించిన మోటుపల్లి రేవులో చైనా పాత్రల పెంకులు బయటపడ్డాయి. అటువంటి పింగాణీని తయారుచేయడం ఐరోపాకు 18వ శతాబ్దం మొదటి దశకం దాకా చేతకాలేదు, 1710లో జర్మనీలోని మైసెన్‌లో దాని కర్మాగారం వెలిసింది. తెలుగు ఇళ్లలో బెంగుళూరు పెంకులుగా పేరుపడిన యంత్రపు పెంకు 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ స్థాపించిన కర్మాగారం నుంచి వ్యాపించిన రూపం. కుండ, జాడీ, పెంకు, పింగాణీ అన్నీ మట్టి, రూపం, నిప్పు అన్న మూడింటితో తేలికగా అర్థమవుతాయి.

ఈ పాత నిర్వచనం 19వ శతాబ్దం చివరి నుంచి బలహీనపడింది. ఉక్కు కొలిమికి లోపలి గోడగా వాడే ఇటుకలను మట్టితో చేస్తే అవి కరిగే లోహపు వేడికి, దాని మీద తేలే చిట్టానికి తట్టుకోలేవు. అందుకని దాదాపు మట్టి లేని సిలికా ఇటుకలు, మెగ్నీషియా ఇటుకలు వచ్చాయి. 1890లలో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ విద్యుత్ కొలిమిలో ఇసుకను, బొగ్గును కలిపి కాల్చి సిలికాన్ కార్బైడు తీశాడు. అందులో మట్టీ లేదు, ఆక్సిజనూ లేదు. ఇంజన్ల స్పార్క్ ప్లగ్గుల్లో అల్యూమినా, ఎలక్ట్రానిక్ కెపాసిటర్లలో బేరియం టైటనేట్ చేరాయి. ఇవన్నీ పొడిని ఒత్తి కాల్చి చేసినవే అయినా, కుమ్మరి మట్టి లేనివి. వీటన్నిటికీ చోటిచ్చేలా డబ్ల్యు. డి. కింగరీ 1960లో ప్రచురించిన పాఠ్యగ్రంథం విశాలమైన నిర్వచనాన్ని స్థిరపరచింది. దాని సారాంశం ప్రకారం అకర్బన, అలోహ పదార్థాలే ప్రధాన భాగంగా ఉన్న ఘనవస్తువులను తయారుచేసే, ఉపయోగించే కళ, శాస్త్రం సిరామిక్స్. అకర్బన అంటే జీవసంబంధ కర్బన సమ్మేళనాల తరగతికి చెందనిది, అలోహ అంటే లోహం కానిది. ఇక్కడ గమనించవలసినది, ఆ వాక్యంలో తయారుచేయడం అన్న క్రియ ఉంది. ఆ తరువాతి పాఠ్యపుస్తకాలు చాలా చోట్ల ఈ క్రియను వదిలేసి, అకర్బన అలోహ ఘనపదార్థమే సిరామిక్ అని కుదించాయి. నేటి గందరగోళంలో ఎక్కువ భాగం ఆ కుదింపు నుంచి పుట్టిందే.

విశాల నిర్వచనానికి ఉన్న బలం అది పరమాణువుల మధ్య బంధాన్ని ఆధారం చేసుకోవడం. లోహాల్లో ఎలక్ట్రాన్లు అందరి సొత్తుగా తిరుగుతాయి కాబట్టి పరమాణువుల పొరలు ఒకదాని మీద ఒకటి జారగలవు, లోహం వంగుతుంది. సిరామిక్‌లలో విద్యుదావేశమున్న అయాన్లు పరస్పరం ఆకర్షించుకోవడం వల్లగాని, ఎలక్ట్రాన్ జంటలను పంచుకోవడం వల్లగాని బంధం బిగుస్తుంది, అందువల్ల అవి జారకుండా విరుగుతాయి. చినగంజాం ఉప్పు మడుల్లో తేలే ఉప్పుకు, విశాఖ వంటి ఉక్కు కర్మాగారాల్లో కొలిమి గోడలకు వాడే మెగ్నీషియాకు స్ఫటిక నిర్మాణం ఒకటే. రెండింటిలోనూ రెండు రకాల అయాన్లు మూడు దిక్కులా ఒకటి విడిచి ఒకటిగా అమరుతాయి. ఉప్పులో ఒక్కొక్క అయాను మీద ఒక ప్రమాణం ఆవేశమే ఉంటే మెగ్నీషియాలో రెండేసి ప్రమాణాలు ఉండటం, పైగా అయాన్లు దగ్గరగా ఉండటం వల్ల, ఉప్పు 801 డిగ్రీల వద్ద కరిగితే మెగ్నీషియా 2,800 డిగ్రీలు దాటితే గాని కరగదు. కేవలం బంధాన్ని చూసి నిర్ణయిస్తే ఈ రెండూ ఒకే కుటుంబానివి. అయినా ఉప్పును సిరామిక్ అని ఏ ఇంజనీరూ పిలవడు.

ఉప్పుతోనే ఆగదు. క్రియను తీసేసిన నిర్వచనం భూమి పైపొరనంతటినీ మింగేస్తుంది. చీమకుర్తి నల్లరాయి, అంటే ప్రపంచ విపణిలో బ్లాక్ గెలాక్సీగా పేరుపొందినది, వర్తకులు గ్రానైటు అన్నా భూవిజ్ఞానులు గాబ్రో జాతి అగ్నిశిల అంటారు. అందులో బంగారు చుక్కల్లా మెరిసేవి బ్రాంజైట్ అనే పైరాక్సీన్ ఖనిజపు రేకులు. అది అకర్బనం, అలోహం, స్ఫటికమయం. పల్నాడులోని కొల్లూరు గనుల వజ్రాలూ అలాంటివే. గడ్డకట్టిన మంచు సైతం ఆ కుదించిన వాక్యానికి సరిపోతుంది. కొందరు రచయితలు ఈ ఫలితాన్ని ఒప్పుకొని, శిలలను ప్రకృతి సిద్ధమైన సిరామిక్‌లు అంటారు. ఆ మాటలో భౌతికశాస్త్రపు సత్యం కొంత ఉంది, ఎందుకంటే రాయి విరిగే తీరు, ఇటుక విరిగే తీరు ఒకే సూత్రాలకు లోబడతాయి. అయితే లోహాలను, కర్బన పదార్థాలను తప్ప మరే ఘనపదార్థాన్నీ బయట ఉంచలేని నిర్వచనం వర్గీకరణకు పనికిరాదు.

మార్కాపురం పలకరాయి ఈ చర్చలో అన్నిటికంటె కఠినమైన పరీక్ష. బడిపిల్లల చేతి పలకగా తరాల పాటు తెలుగునాట, బయటా వాడుకలో ఉండి, ఇప్పుడు నేల పరుపులకు, గోడ తాపడాలకు ఎగుమతి అవుతున్న ఈ రాయి కడప శిలావ్యవస్థలోని నల్లమల శ్రేణికి, అందులో కంభం పేరనే వ్యవహరించే శిలల సమూహానికి చెందినది. వంద కోట్ల సంవత్సరాలకు పైబడిన కాలంలో సముద్రపు అడుగున పేరుకున్న సన్నని బురద మొదట మట్టిబండగా గట్టిపడి, తరువాత పర్వతాలు ముడతపడే ఒత్తిడికి, కొన్ని వందల డిగ్రీలకు మించని వేడికి లోనై పలకరాయి అయింది. ఆ ఒత్తిడిలో బంకమట్టి ఖనిజాలు మైకా, క్లోరైట్ రేకులుగా మారి, ఒత్తిడికి అడ్డంగా ఒకే దిశలో పేర్చుకున్నాయి; అందుకే ఉలి పెట్టి కొడితే రాయి పల్చని పలకలుగా చీలుతుంది. అంటే ముడిసరుకు కుమ్మరి మట్టి వంటిదే, మార్చినది వేడీ ఒత్తిడే, నీటిలో కరగని శాశ్వతత్వమూ వచ్చింది. మూలకాల లెక్కలో పలకరాయికీ ఎర్ర ఇటుకకూ ఉన్న తేడా రెండు ఊళ్ల ఇటుకల మధ్య ఉండే తేడాను పెద్దగా మించదు.

అయినా పలకరాయి సిరామిక్ కాదు. దానికి కారణం అందులోని పదార్థం కాదు, పనుల వరుస. ఇటుకలో రూపం ముందు, నిప్పు తరువాత. ఇటుక ఏ ఆకారంతో మిగలాలో బట్టీలోకి వెళ్లేముందే ఒక మనిషి నిర్ణయించాడు. పలకలో వేడి ఏనాడో ముగిసింది, రూపం మాత్రం నేడు కోత వల్ల వస్తుంది. కోసి రూపమివ్వడం శిల్పి పని, కాల్చి రూపాన్ని నిలపడం కుమ్మరి పని. ఆ రెండింటినీ కలిపేస్తే రెండు వృత్తుల స్వభావమూ మసకబారుతుంది. ఇదే పలకరాయిని పొడిచేసి లేదా ముక్కలు చేసి 1,000 డిగ్రీలకు పైబడిన గొట్టపు బట్టీలో వేడి చేస్తే లోపల పుట్టిన వాయువులకు ఉబ్బి తేలికపాటి గులకలుగా మారుతుంది. అమెరికాలో స్టీఫెన్ హేడ్ 1918లో ఈ పద్ధతికి పేటెంటు పొందాడు, నాటి నుంచి అటువంటి గులకలను తేలిక కాంక్రీటుకు వాడుతున్నారు. గనుల వద్ద గుట్టలుగా పడే పలకరాయి వ్యర్థం నిప్పు తాకిన మరుక్షణం సిరామిక్ పరిధిలోకి వస్తుందన్నమాట. ఒక విషయంలో మాత్రం ఈ విభజనకు విలువ లేదు. పలకను కోసేవారికీ, సిలికా ఇటుకలు చేసేవారికీ ఊపిరిలో చేరేది ఒకే సన్నని క్వార్ట్జ్ దుమ్ము; మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో పలకరాయితో బలపాలు కోసే కార్మికులను సిలికోసిస్ ఎంత దారుణంగా కబళించిందో వైద్య పరిశోధనల్లో నమోదైంది. 1948 నాటి కర్మాగారాల చట్టం సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తప్పక తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో చేర్చింది గాని, యంత్రశక్తి ఉన్నచోట పదిమంది కంటె తక్కువమంది పనిచేసే చిన్న షెడ్డు సాధారణంగా ఆ చట్టపు గడపలోకే వచ్చేది కాదు. ఆ దుమ్ము విషయంలో పదార్థం పేరును బట్టి రక్షణ మారకూడదు.

బలపపు రాయి ఇంకా స్పష్టమైన సాక్ష్యం. రాయలసీమలో తాడిపత్రి, ముద్దవరం ప్రాంతాల్లో దొరికే ఈ మెత్తని రాయి టాల్క్ అనే మెగ్నీషియం ఖనిజం. గోటితో గీస్తే గీత పడుతుంది. దానిని 900 డిగ్రీలు దాటించి కాల్చితే బంధిత నీరు పోయి, ఎన్‌స్టటైట్ జాతి గట్టి స్ఫటికాలుగా మారుతుంది. సింధు నాగరికత పనివారు బలపపు రాతి పూసలను చెక్కి, కాల్చి, తెల్లగా గట్టిగా చేసుకున్నది ఈ మార్పు వల్లనే. ఇరవయ్యో శతాబ్దంలో అదే రాతి పొడికి కొంత బంకమట్టి కలిపి 1,300 డిగ్రీలకు పైగా కాల్చి విద్యుత్ బంధకాలు చేశారు. చెక్కిన బలపం రాయి, కాల్చిన పూస సిరామిక్. హరప్పా పూస విషయంలో మట్టి పిసకడం లేదు, పొడి ఒత్తడమూ లేదు. అయినా రూపం ముందు, నిప్పు తరువాత అన్న వరుస మాత్రం చెక్కుచెదరలేదు.

చట్టం ఈ వరుసనే ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. ప్రపంచ కస్టమ్స్ సంస్థ రూపొందించిన సరుకుల వర్గీకరణను భారతదేశపు కస్టమ్స్ సుంకం, 2017 నుంచి జీఎస్టీ కూడా అనుసరిస్తున్నాయి. అందులో 69వ అధ్యాయం సిరామిక్ వస్తువులది. రూపమిచ్చిన తరువాత కాల్చినవి మాత్రమే అందులోకి వస్తాయని దాని మొదటి సూచిక చెబుతుంది. 68వ అధ్యాయం రాతి, సిమెంటు వస్తువులది, 70వది గాజుది. మార్కాపురంలో కోసిన పలకరాయి 6803 కిందికి, పలకరాయి పొడిని అతికించి చేసిన వస్తువు కూడా అక్కడికే వెళ్తుంది. చట్రం బిగించిన బడి పలక 9610 కిందికి, చీమకుర్తిలో మెరుగుపెట్టిన రాయి 6802 కిందికి వెళ్తాయి. 2022 సవరణతో మరో వివరణ చేరింది: రెసిన్లను గట్టిపరచడానికో, నీటితో జరిగే రసాయన చర్యను వేగిరపరచడానికో, తేమను తీసేయడానికో 800 డిగ్రీల కంటె తక్కువ వేడి ఇచ్చిన వస్తువులను కాల్చినవిగా లెక్కించకూడదు. ఈ సూచన ప్రకారం 700 డిగ్రీల ఆవంలో కాలిన ఊరి కుండ సిరామిక్ కాకుండా పోదు, ఎందుకంటే అక్కడ వేడి ఉద్దేశం మట్టి స్వభావాన్నే మార్చడం. సుంకం అధికారికి వస్తువు లోపలి బంధాల కంటె దాని పుట్టుక ముఖ్యమవడం వల్ల, పన్నుల కోసం రాసిన వాక్యాలు ఈ విషయంలో చాలా పాఠ్యపుస్తకాల కంటె నిక్కచ్చిగా ఉన్నాయి.

ఈ నియమాన్ని నేటి ఇంటి గోడ మీద పెట్టి చూస్తే ఎర్ర ఇటుక, బూడిద ఇటుక విడిపోతాయి. థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో బొగ్గు మండగా మిగిలిన బూడిదకు సున్నమో సిమెంటో కలిపి, అచ్చులో ఒత్తి, నీటితో లేదా ఆవిరితో ముదరబెట్టేది బూడిద ఇటుక; దానికి నిప్పు లేదు. అయితే ఆ బూడిద స్వయంగా బాయిలరు మంటలో కరిగి చల్లబడిన గాజు గోళాల పొడి, అందులో ముల్లైట్ స్ఫటికాలు కూడా ఉంటాయి. నిప్పు ఉంది గాని రూపానికి ముందే ముగిసింది. సున్నం కథా ఇదే: పల్నాడు సున్నపురాయిని పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చితే కార్బన్ డయాక్సైడు వదిలి పొడిసున్నం అవుతుంది, నీరు చేర్చి గోడకు పూస్తే గాలిలోని అదే వాయువును నెమ్మదిగా తిరిగి పీల్చుకొని మళ్లీ కాల్షియం కార్బనేట్ అవుతుంది. సిమెంటు క్లింకరును సుమారు 1,450 డిగ్రీల వద్ద కాల్చుతారు, దాని గట్టిదనం మాత్రం మామూలు వేడిలో నీటితో జరిగే చర్య వల్ల వస్తుంది. 1958 నుంచి సిమెంటు తయారవుతున్న మాచర్లలో క్లింకరు గుళికను సిరామిక్ అనడంలో అభ్యంతరం లేదు, ఎందుకంటే అది పొడిగా కలిసి, కాలి, గుళికగా గట్టిపడింది. గట్టిపడిన కాంక్రీటును శాస్త్రవేత్తలు సిరామిక్ కుటుంబంలో చేర్చినా, కాల్చినదన్న కొలతకు అది నిలవదు. ఇక్కడ రెండు నిర్వచనాలూ తమ తమ పనికి సరైనవే; ఏది వాడుతున్నారో చెప్పకుండా మాట్లాడటమే పొరపాటు.

గాజు దగ్గర ఇబ్బంది ఇంకొక రకానిది. గాజును పూర్తిగా కరిగించి, వేడిగా ఉండగానే రూపమిస్తారు; చల్లబడినప్పుడు దాని పరమాణువులు స్ఫటికంలా క్రమబద్ధంగా అమరవు. 1950లో కోల్‌కతాలో ప్రారంభమైన కేంద్ర పరిశోధన సంస్థ పేరులో గాజు, సిరామిక్ అన్న రెండు పదాలూ విడివిడిగా ఉండటానికి వెనుక ఈ తేడా ఉంది. ఆ గీతను 1953లో అమెరికాలోని కోర్నింగ్ సంస్థలో డొనాల్డ్ స్టూకీ ప్రయోగం చెరిపింది. అనుకున్న 600 డిగ్రీలు కాక కొలిమి 900 డిగ్రీలకు చేరినా ఆయన గాజు పలక కరిగిపోకుండా పాలలా తెల్లబడింది. గాజు లోపల అసంఖ్యాకమైన సన్నని స్ఫటికాలు పెరిగి అది చాలా దృఢమైంది. గాజు సిరామిక్‌గా పిలిచే ఈ పదార్థం ఇవాళ విద్యుత్ పొయ్యిల పై పలకల్లో ఉంది. రూపం ముందే వచ్చి, గట్టిదనమిచ్చే రెండో వేడి తరువాత వచ్చింది కాబట్టి, కుమ్మరి వరుసకు ఇది అనుకోకుండా సరిపోతుంది.

గుణాలను బట్టి నిర్వచించే ప్రయత్నాలు నిలబడలేదు, వాటి మీద ఎక్కువ సేపు ఆగవలసిన పని లేదు. సిరామిక్‌లు విద్యుత్తును ప్రసరింపజేయవన్న మాటను 1986లో బెడ్నోర్జ్, ముల్లర్ కనుగొన్న రాగి ఆక్సైడు అతివాహకాలు తోసిపుచ్చాయి. 1987లో బయటపడిన యిట్రియం, బేరియం, రాగి ఆక్సైడు ద్రవ నైట్రోజన్ వేడి వద్దనే ఏ నిరోధమూ లేకుండా విద్యుత్తును మోస్తుంది. పెళుసుదనం గురించిన మాటను 1975లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు గార్వీ, హానింక్, పాస్కో ప్రచురించిన జిర్కోనియా పరిశోధన సడలించింది. చీలిక ముందుకు వస్తున్న చోట ఆ స్ఫటికాలు రూపు మార్చుకొని ఉబ్బి చీలికను నొక్కిపడతాయి. ఒంగోలు దంతవైద్యుల దగ్గర దొరికే జిర్కోనియా క్యాప్ నమలడానికి తట్టుకునేది దీనివల్లే. మిషెల్ బార్సూమ్ 1996లో వివరించిన టైటానియం సిలికాన్ కార్బైడు మామూలు ఉక్కు పనిముట్లతో కోతకు లొంగుతుంది, విద్యుత్తును లోహంలా మోస్తుంది. గుణం మారినా పుట్టుక మారలేదు గనుకనే ఇవన్నీ సిరామిక్‌లుగానే మిగిలాయి.

జీవులు చేసుకున్న ఖనిజం మరొక హద్దు. ఎముకలోనూ పన్ను పింగాణీ పొరలోనూ ఉండేది హైడ్రాక్సీఅపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేటు. కనిగిరి, మార్కాపురం, దర్శి ప్రాంతాల్లో తరాలుగా ప్రజల నడుములు వంచిన ఫ్లోరోసిస్ ఈ ఖనిజంలో జరిగే మార్పే: తాగునీటిలోని అధిక ఫ్లోరైడు ఆ స్ఫటికంలోని హైడ్రాక్సిల్ స్థానంలో చేరుతుంది, పన్ను మచ్చపడుతుంది, ఎముక అవసరం లేని చోట పెరిగి కీళ్లు బిగుసుకుంటాయి. రసాయన సూత్రాన్ని బట్టి ఎముకలోని ఖనిజం, శస్త్రవైద్యులు వాడే కృత్రిమ అపటైట్ దాదాపు ఒకటే; రెండోది పొడిని ఒత్తి కాల్చి చేసిన జీవ సిరామిక్, మొదటిది కొలాజెన్ పోగుల మధ్య శరీరపు వేడిలోనే పెరిగిన సజీవ కణజాలం. ఎముకను సిరామిక్ అనడం కంటె, సిరామిక్ వంటి ఖనిజమున్న మిశ్రమ పదార్థం అనడమే సమంజసం. ఆ నీటి నుంచి ఫ్లోరైడును వడకట్టడానికి వాడే పదార్థాల్లో ఒకటైన యాక్టివేటెడ్ అల్యూమినా కూడా వేడితో సిద్ధం చేసిన రంధ్రాల అల్యూమినియం ఆక్సైడే కావడం ఈ ప్రాంతానికి సంబంధించి గుర్తుంచుకోదగినది.

కుమ్మరి వరుస ఎంత దూరం ప్రయాణించిందో హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ చూపుతుంది. 1971లో ఏర్పడిన ఆ సంస్థలో యురేనియం లవణాలను శుద్ధిచేసి, అమ్మోనియం డైయురేనేట్‌గా అవక్షేపించి, కాల్చి, హైడ్రోజన్‌తో క్షయకరించి యురేనియం డయాక్సైడు పొడిని తీస్తారు. ఆ పొడిని అచ్చులో ఒత్తి చిన్న పచ్చి బిళ్లలు చేసి, హైడ్రోజన్ ఉన్న కొలిమిలో సుమారు 1,700 డిగ్రీల వద్ద కాల్చుతారు. యురేనియం డయాక్సైడు కరగడానికి 2,800 డిగ్రీలకు మించిన వేడి కావాలి కాబట్టి ఇక్కడ ఏదీ కరగదు; రేణువులు ఒకదాన్నొకటి తాకిన చోట పరమాణువులు నెమ్మదిగా తరలివచ్చి మెడలా పేరుకుంటాయి, మధ్యనున్న ఖాళీలు కుంచించుకుపోతాయి, బిళ్ల మొత్తం చిన్నదై దాదాపు పూర్తి సాంద్రతకు చేరుతుంది. కరగకుండానే వేడికి పొడి ఒకటిగా అతుక్కునే ఈ క్రియను సింటరింగ్ అంటారు. తరువాత బిళ్లలను సానపట్టి జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాల్లో నింపుతారు. 220 మెగావాట్ల భారజల రియాక్టరుకు అటువంటి గొట్టాలు పంతొమ్మిదింటిని కలిపి సుమారు అరమీటరు పొడవున్న కట్టగా అమరుస్తారు. యురేనియం లోహాన్ని వదిలి ఆక్సైడును ఎంచుకోవడానికి కారణం, లోహం వికిరణంలో ఉబ్బి రూపు చెడుతుంది, వేడి నీటితో చర్య జరుపుతుంది. ఆక్సైడు ఆ రెండింటికీ చాలావరకు ఓర్చుకుంటుంది. పొడి, రూపం, నిప్పు, కుంచించుకుపోవడం అన్న నాలుగు అంగాలూ ఊరి ఆవంలోనూ ఈ కొలిమిలోనూ ఒకే వరుసలో ఉన్నాయి. సిరామిక్‌కు కేంద్రం ఇదేనని ఒప్పుకుంటే, అకర్బనం, అలోహం అన్న షరతులు ఆ కేంద్రం చుట్టూ గీసిన హద్దులవుతాయి, నిర్వచనానికి ప్రాణం మాత్రం అవి కావు.

ఈ కేంద్రానికి దూరంగా ఉన్నవీ లేకపోలేదు. వాయువుల నుంచి నేరుగా పొరగా పేరుకునే సిలికాన్ కార్బైడు పూతలను, ద్రవం నుంచి లాగిన ఏక స్ఫటిక నీలమణి కడ్డీలను సిరామిక్ శాస్త్రంలో భాగంగానే బోధిస్తారు, వాటిలో పొడి ఒత్తడం లేదు. అంతకంటె లోతైన సవాలు 2016లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ రాండల్ బృందం వెల్లడించిన శీతల సింటరింగ్ నుంచి వచ్చింది. పొడికి కొద్దిగా నీటినో పలుచని ద్రావణాన్నో తగిలించి, గట్టిగా ఒత్తి, 300 డిగ్రీల లోపు వేడిలో కొన్ని నిమిషాల నుంచి గంట వరకు ఉంచితే రేణువుల అంచులు ఆ ద్రవంలో కొద్దిగా కరిగి, ఒత్తిడి తక్కువున్న ఖాళీల్లో తిరిగి స్ఫటికమై, చాలా పదార్థాలు గట్టి ముక్కలవుతున్నాయి. ఒత్తిడి, తేమ, కొన్ని వందల డిగ్రీల వేడి అన్న ఈ మూడూ నల్లమల అడుగున బురదను పలకరాయిగా మార్చినవే. తేడా అంతా రూపాన్ని ముందే మనిషి నిర్ణయించడంలో, కాలాన్ని గంటకు కుదించడంలో ఉంది. 69వ అధ్యాయపు 800 డిగ్రీల గీతకు అటువంటి ముక్క ఎటువైపు పడాలన్నది, నిప్పు లేని సిరామిక్ ఉంటుందా అన్న ప్రశ్నతో పాటు, వర్గీకరణ చేసేవారు తేల్చవలసి ఉంది.